సారు కొలిచిన గ్యారంటీ

సారు పోయిండు. పోయిన బుధవారం పొద్దుగాల, పంజాగుట్టల దవాఖానల. నేను అప్పుడే మొఖం కడుక్కొని ఛాయ్ కోసం కూసున్న. మా మనుమరాలు ఫోను తెచ్చి నా చెవికి ఆనించింది. అవుతల ఉన్నది సారు కాడ చదివిన మీల ఒకడే. అప్పట్ల రోజుకు నాలుగుసార్లు లిఫ్టు ఎక్కి దిగి నన్ను సతాయించినోడు. ఇప్పుడు పెద్ద కంపెనీల పెద్ద ఆఫీసరట. "కాకా, సారు ఇక లేరు" అని చిన్నపోరని లెక్క ఏడుస్తుండు.

"ఎన్ని గంటలకురా?" అన్న.

వాడు ఏడుపు ఆపి, ముక్కు ఎగబీల్చి, "ఆరు పద్దెనిమిదికి కాకా" అన్నడు.

సూడుండ్రి. ఇంకోడైతే 'తెల్లారంగ' అనేటోడు. సారు చదువు చెప్పినోడు గావట్టి ఏడుసుకుంట సుత గడియారం సూసిండు.

మీరంత కలిసి సారు యాదికి చిన్న పుస్తకం ఏస్తుండ్రట. నన్ను సుత రాయమన్నరు. నేను చదివింది ఏడో తరగతి. గది సుత రెండేండ్లు కూసుంటే అయింది. తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి, మస్తు చదివిండ్రు గద. సారును సూడనోళ్ళు, మీ ఇండ్లల్ల వాళ్ళు సుత చదువుతరు గావట్టి మొదటికెల్లి చెప్త.

దానికంటె ముందు ఒక్క మాట. సారు నౌకరి నా నోటి వల్ల పోయింది. ఇరవై ఏండ్లకెక్కువే అయింది. తప్పు నాది అని చెప్పవలసిన జాగల నేను చెప్పలే. మీకెవ్వరికీ తెల్వది. ఇగ నవ్వుకుంట చదువుండ్రి గని, గా మాట మతికుంచుకోండ్రి.

అమీర్‌పేటల మెయిన్ రోడ్డు ఎనక సందుల ఐదంతస్తుల బిల్డింగు. అప్పుడు మెట్రో లేదు, పంజాగుట్టల ఫ్లైఓవర్ లేదు. వై టూ కే అని, సాఫ్ట్‌వేర్ అని ఊర్లకెల్లి పోరగాండ్లు సూట్‌కేసులు పట్టుకొని దిగుతుంటిరి. గోడల మీద సున్నం కనవడకుంట కోచింగు కాయితాలు అంటిస్తుంటిరి. మా బిల్డింగుల నాలుగో అంతస్తుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. అండ్ల సారు సీ లాంగ్వేజ్ చెప్పేటోడు. నేను లిఫ్టు నడిపేది. జాలి తలుపుల లిఫ్టు, చెయ్యితోని గుంజి మూస్తెనే కదిలేది. ఆరుగురు పట్టేదాండ్ల పదకొండుమంది ఎక్కుతుంటిరి. ఏడో మనిషి కాలు పెట్టంగనే సారు దిగేటోడు. "ఆరు అని రాసుంది కదండీ" అని మెట్లెక్కి పోయేటోడు. మీరేమో ఆయన ఖాళీ చేసిన జాగల ఇంకిద్దరు ఇరుక్కుంటుంటిరి. అప్పటి మీ సాక్సుల వాసన ఇంకా నా ముక్కుల ఉన్నది. ఇప్పుడు సెంటు కొట్టుకొని తిరుగుతుండ్రు గని, నాకు అన్ని ఎరుకే.

సారు గోదావరి దిక్కు మనిషి. సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. అంగి జేబుల చాక్‌పీసు, ప్యాంటు జేబుల దర్జీ టేపు. దర్జీ టేపు ఎందుకు సారూ అంటే, "ఎప్పుడు ఏం కొలవాల్సి వస్తుందో తెలీదు కదండీ" అన్నడు. నన్ను అన్నగారూ అని పిలిచేటోడు. గా బిల్డింగును, ఇన్‌స్టిట్యూట్‌ను సూసుకునే మేనేజరు సుత నన్ను "ఏయ్ లిఫ్ట్!" అనే పిలిచేది. నేనేదో యంత్రం, ఆయన గుండీ ఒత్తినట్టు.

నవ్వితే సారు మొఖంల తెల్వకపోయేది. భుజాలు జర కదిలేటియి. నేను ఏం జోకు ఏసినా ముందు భుజాలు సూసేటోణ్ణి.

వచ్చిన కొత్తల ఓ దినం, "మస్తు ఎండ కొడుతుంది సారూ" అన్న. ఆయన ఆగి, "మస్తంటే ఎంతండీ అన్నగారూ?" అని అడిగిండు. ఎక్కిరిస్తుండు అనుకున్న. మొఖం సూస్తె నిజంగనే అడుగుతుండు. అందరు లేటు వచ్చిండ్రు సారూ అంటే, "అందరూ అంటే ఎంతమంది?" అనేటోడు. మనిషి గంతే. పొద్దున లేసి అద్దంల సూసుకొని సుత 'ఎన్ని ఎంటికలు నెరిసినయ్' అని లెక్కవెడతడేమో అనుకునేటోణ్ణి.

సీ లాంగ్వేజ్ మొదలువెట్టినంక మీకు ఆయన చేపించే మొదటి పెద్ద పని కొలతలు మార్చే ప్రోగ్రాం. ఇంచులు వేస్తె సెంటీమీటర్లు రావాలె, మైళ్ళు వేస్తె కిలోమీటర్లు రావాలె. మీరు లిఫ్టుల గదే గొణుక్కుంట ఎక్కుతుంటిరి. ఓ దినం నాకు నోరు ఊకోలె.

"అరె, అమీర్‌పేటల ఇంచులు ఎవ్వడు కొలుస్తడురా? ఆటో ఆయన గిదో పక్కకే అంటడు. గది ఎంత? మీ హాస్టల్ ఆంటీ రెండే నిమిషాలు, అన్నం అయిపోతుంది అంటది. గది ఎంత? బస్సుల జర జరుగు భాయ్ అంటే ఎంత జాగ దొరుకుతది? గవి మార్చుండ్రి మీ కంప్యూటర్ల, అప్పుడు మీది చదువంట."

పడి పడి నవ్విండ్రు. గా సాయంత్రమే మీల ఒకడు ప్రోగ్రాంల రాసిండు. 'పక్కకే' ఒకటి అంటే రెండు కిలోమీటర్లు అని. సారు సూసిండు. ఇప్పుడు తిడతడు అని క్లాసంత తలలు దించుకున్నది. సారు తిట్టలే. "రెండు కిలోమీటర్లని ఎవరు కొలిచారు?" అన్నడు. ఎవ్వరు కొలవలే. "మరి తప్పు కదా. జోకు కూడా కరెక్టుగా ఉండాలి" అని కొట్టేపిచ్చిండు.

తెల్లారి లిఫ్టు ఎక్కి, "అన్నగారూ, ఈ యూనిట్ మీదేనంట కదా. ఆదివారం ఖాళీయేనా? కొలుద్దాం" అన్నడు.

నేను ఎక్కిరిస్తె ఎవ్వడైనా నవ్వుతడు, లేకుంటే తిడతడు. పనిల పెట్టుకున్నది సారు ఒక్కడే.

గట్ల గా ఆదివారం సారు, నేను, మీల ఐదారుగురు అమీర్‌పేట చౌరస్తకెల్లి బయలెల్లినం. పంజాగుట్టల ఓ బట్టల దుకాణం పేరు చెప్పి తొవ్వ అడుగుడు పని. పండ్ల బండామెను అడిగినం, పాన్‌డబ్బాల అడిగినం, పోలీసాయనను సుత అడిగినం. అందరు గిదో పక్కకే అన్నరు. అన్నకాడికెల్లి దుకాణం దాక నడుసుడు, సారు అడుగులు లెక్కవెట్టుడు. ఒక పక్కకే కిలోమీటరుకు ఎక్కువ తేలింది. ఇంకో సంగతి సుత తేలింది. చేతుల సూట్‌కేసు ఉన్నోడు అడిగితే పక్కకే ఇంకింత దూరం అయితది. ఆటోళ్ళు ఉత్తచేతులోనికి ఓ తీరు, సూట్‌కేసోనికి ఓ తీరు చెప్తరు. సారు గది రెండు యూనిట్లు చేసిండు.

జర జరుగు కొలిచిన దినం మర్సిపోను. మీరు స్కేలు పట్టుకొని సిటీ బస్సు ఎక్కిండ్రు. కండక్టరు సూసి, "ఏందిరా, నా సీట్లకు ఏమన్న సంబంధం సూస్తుండ్రా?" అన్నడు. సంగతి చెప్తె ఆయనకు సుత సోకు పుట్టింది. "జరుగుండ్రమ్మా, జర జరుగుండ్రి, గవర్నమెంటు కొలత ఇది!" అని ఆయనే అరిసిండు. సగటున ఏడు సెంటీమీటర్లు. ఆడోళ్ళ సీట్ల తొమ్మిది. హాస్టల్ ఆంటీ రెండు నిమిషాలు మాత్రం కొలవనియ్యలే. గడియారం సూసినోనికి పెరుగు బందు అన్నది.

మీకు మతికుంటది, నేను సారు మీద సుత ఒక యూనిట్ పెట్టిపిచ్చిన. ప్రశ్న అడిగి, మీకు రాకపోతే సారు జవాబు చెప్పడు. చాక్‌పీసు పట్టుకొని కిటికీల నుంచి సూసుకుంట నిలవడతడు. మీకు చెమటలు వడతయి. గా సప్పుడు లేని దానికి 'ఒక సారు' అని పేరు. మీరు ఒక సారు అంటే ఐదు నిమిషాలని రాసిండ్రు. సారు సదివి, "నేను అంతసేపు నిలబడనే" అని తన గడియారం తీసి ముందు బెంచీ మీద పెట్టిండు. కొలిస్తె మూడు నిమిషాల పది సెకన్లు. "మార్చండి" అన్నడు. భుజాలు మస్తు కదిలినయట గా దినం. మస్తంటే ఎంతో నేను కొలవలే.

ఇక్కడిదాక నవ్వులే. ఇగ నా తప్పుకాడికొస్త.

మన బిల్డింగు ముంగట పెద్ద బోర్డు ఉండె. 'నూటికి నూరు మందికి ఉద్యోగం గ్యారంటీ' అని. ఓ పొద్దున లిఫ్టుల మిమ్ములను ఆటపట్టిద్దామని, "బోర్డు మీద గ్యారంటీ సుత కొలతనే గదరా. పక్కకే అంటే ఎంతో తెల్సింది, మరి గ్యారంటీ అంటే ఎంతో కొలువుండ్రి సూస్త" అన్న. అని మర్సిపోయిన. రోజంత వాగే మాటలు నాయి, ఏది గుర్తుంచుకుంట?

మీరు పోయి సారును అడిగిండ్రు. సారు కిటికీ కాడ నిలవడ్డడు. 'ఒక సారు' కంటె ఎక్కువసేపే నిలవడ్డడట. ఆఖరికి, "సరే. కొలవండి" అన్నడు.

మీ కంటె ముందు బ్యాచుల నలభై ఇద్దరు. రిజిస్టరుల అడ్రసులు రాసుకొని ఒక్కొక్కరికి కార్డు రాసిండ్రు, ఫోనున్నోళ్ళకు ఎస్టీడీ బూతుకెల్లి ఫోను చేసిండ్రు. నెలన్నర పట్టింది. జవాబు కార్డులు సారు ఇంటికొచ్చినయి. సారు అవి లిఫ్టుల నాకు చదివి వినిపిచ్చేటోడు. ఒకడు రాసిండు: 'సార్, ఊర్ల మా నాయన బియ్యం దుకాణంల కూసుంటున్న. మీరు చెప్పిన లెక్కలు తరాజు కాడ పనికొస్తున్నయి.' ఇంకో పిల్ల రాసింది: 'మా ఇంట్ల నాకు నౌకరి ఉందనే చెప్పిన సార్, మీరు ఇంటికి మళ్ళ ఫోను చెయ్యకండ్రి.' గది చదివినంక సారు కార్డు మడిచి జేబుల పెట్టుకున్నడు. నాలుగో అంతస్తు వచ్చింది. నేను తలుపు తియ్యలే, ఆయన తియ్యమనలే.

నలభై ఇద్దరిల తొమ్మిదిమందికి నౌకరి. నూరు గ్యారంటీలు వేస్తె ఇరవై ఒక్క ఉద్యోగం వస్తది. గది సారు తన చేత్తోనే ప్రోగ్రాంల రాసిండు. పక్కకే కింద, జర జరుగు కింద, వరుసల పధ్నాలుగోది.

"సారూ, గిది తీసెయ్యరాదు" అన్న నేను. "జోకు కోసం అన్న."

"జోకైతే తీసేసేవాణ్ణండి అన్నగారూ. కొలిచాం కదా" అన్నడు.

కొత్త బ్యాచి చేర్పించుకునే ఆదివారం వచ్చింది. ఊర్లకెల్లి నాయినలు, పిల్లలు. మేనేజరు టై కట్టుకొని, "మా స్టూడెంట్లు ఎట్లాంటి ప్రోగ్రాంలు చేస్తరో సూడుండ్రి" అని మీ కొలతల ప్రోగ్రామే పెట్టి సూపిచ్చిండు. అండ్ల ఏమున్నదో ఆయనెన్నడు సూడలే. పక్కకే సూసి జనం నవ్విండ్రు. నల్గొండ దిక్కు ఊర్ల పోస్టుమాస్టరట, భుజం మీద తువ్వాల, బిడ్డను తోల్కొచ్చిండు. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కో వరుస కూడవలుక్కుంట చదివి, పధ్నాలుగు నొక్కిండు. నూరు వేసిండు. ఇరవై ఒకటి వచ్చింది.

"సార్, గిదేంది?" అన్నడు.

మేనేజరు నవ్విండు. "పిల్లలు గద, జోకు."

పోస్టుమాస్టరు మేనేజరును సూడలే. ఎనక నిలవడ్డ సారు దిక్కు తిరిగిండు. "జోకా పంతులుగారూ?"

సారు ఈసారి కిటికీ దిక్కు సూడలే. "కాదండి. కొలిచాం" అన్నడు.

సగం మంది కాయితాలు మడిచి జేబుల పెట్టుకున్నరు. పోస్టుమాస్టరు మాత్రం కూసున్నకాడ కూసోని, "మరి గా తొమ్మిదిమంది ఏం చేసిండ్రు?" అని అడిగిండు.

"రోజూ వచ్చారండి. రానిది రాలేదని చెప్పారు" అన్నడు సారు.

ఇదంత మీకు ఎరుకే. లిఫ్టుల ఏమైందో ఎరుక లేదు.

జనం పోయినంక మేనేజరు, సారు కిందికి దిగుతానికి లిఫ్టు ఎక్కిండ్రు. లోపట ముగ్గురమే. మేనేజరు మొఖం ఎర్రగ అయింది. "పోరగాండ్లకు ఇంత తెలివి లేదు. గ్యారంటీ కొలువుమని ఎవడు ఎక్కిచ్చిండు చెప్పు. వాణ్ణి పంపిస్త, నువ్వుండు" అన్నడు.

నా చెయ్యి జాలి తలుపు మీద ఉన్నది. రోజంత మోగే నోరు నాది. నాలుగుకెల్లి కిందికి వచ్చేదాక ఒక్క మాట రాలే. ఇంట్ల ఇద్దరు పిల్లలు, పెద్దది పదోది చదువుతుండె. సారు నా దిక్కు సూడలే. సూస్తె మేనేజరుకు తెలుస్తదని సూడలే.

"నాదేనండి" అన్నడు.

నేను తలుపు తీసిన. ఇద్దరు దిగిండ్రు. తెల్లారికెల్లి సారు నాలుగో అంతస్తుకు రాలే.

నాలుగో దినం ఎస్సార్‌నగర్ల ఆయన ఇంటికి పోయిన. లోపలికి రమ్మన్నడు, మంచినీళ్ళిచ్చిండు. తప్పు ఒప్పుకుందామనే పోయిన. గని నోట్లకెల్లి ఏమొచ్చిందో ఎరికెనా? "సారూ, టెర్రస్ తాళం నా దగ్గరే ఉంటది" అన్న.

తర్వాతది మీకు నాకంటె మంచిగ తెల్సు. టెర్రస్ మీద లిఫ్టు మిషిను రూము పక్కపొంటి నీళ్ళ ట్యాంకు, నల్ల రంగుది, గదే సారు బోర్డు. దాని మీద చాక్‌పీసు తోని రాస్తె మంచిగ కనవడుతది గని, ట్యాంకు గుండ్రం. ప్రోగ్రాం పొడుగుంటే మీరంత లేసి దాని సుట్టూ తిరుగుకుంట చదువుతుంటిరి, గుడి సుట్టూ తిరిగినట్టు. కంప్యూటర్ లేకుంట కంప్యూటర్ చెప్పుడు నేను గాడనే సూసిన. మొదట పన్నెండుమంది. రెండో వారం పోస్టుమాస్టరు బిడ్డ వచ్చింది. ఎట్ల తెల్సిందమ్మా అంటే, "మా నాయిన సారు ఎక్కడున్నరో అడుక్కొని రమ్మన్నడు" అన్నది. నాలుగో అంతస్తుల మేనేజరు, "పైన ఏందా సప్పుడు?" అని అడిగితే, "కోతులు సార్" అని చెప్పిన. అబద్ధమేం గాదు.

వాన మొదలయ్యేదాక నాలుగు నెలలు నడిచింది. తర్వాత సారు తన ఇంటి ముందు అర్రల పలకలు పెట్టి చదువు చెప్పిండు, తర్వాత వేరే కాలేజీల దొరికింది. అన్ని చక్కబడ్డయి. గందుకే ఒప్పుకునుడు ఇంకింత ఎనకకు జరిగింది. నడిచిపోతుంది గద అని ఏండ్లు నడిపిన.

పోయిన నెల దవాఖానకు సూడవోయిన. ముక్కుకు పైపు. మంచం పక్కన నర్సు రాసిన కాయితం తీసి చదువుకుంటుండు, ఎంత తాగిండు ఎంత పోసిండు అని. నేను కుర్చీ దగ్గరికి గుంజుకొని, "సారూ, గా రోజు లిఫ్టుల నేను నోరు తెరవవలసి ఉండె" అన్న. ఇన్నేండ్లకు గా మాట వచ్చింది.

ఆయన కాయితం పక్కన పెట్టిండు. గొంతు సన్నగైంది. "నాకెందుకు చెప్తారండీ అన్నగారూ? నేను ఆ లిఫ్టులోనే ఉన్నాను కదా. తెలియనివాళ్ళకి చెప్పండి."

భుజాలు కదిలినయో లేదో, దుప్పటి కప్పి ఉండె, కనవడలే.

పంజాగుట్ట శ్మశానంకాడ మీరంత ఉన్నరు. మీ నెరిసిన నెత్తులు, బట్టతలలు సూసి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సారు కొడుకు నిప్పు పెట్టినంక అందరు గేటు దిక్కు మళ్ళిండ్రు. గోడ పొంటి ఓ ముసలాయన ఒక్కడే నిలవడి ఉన్నడు, చేతిల కర్ర. మీరెవ్వరు గుర్తువట్టలే. నేను నడక సూసి గుర్తువట్టిన. మేనేజరు. ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూతవడ్డది. వస్తడని నేననుకోలే.

బయటికొచ్చే తొవ్వల నల్లా ఉన్నది, కాళ్ళు కడుక్కొని పోతానికి. గాడ ఇద్దరం ఒక్కతాన పడ్డం. నాకు మోకాళ్ళు వంగయి. ఆయన కర్ర గోడకు ఆనిచ్చి, బకీటుల ప్లాస్టిక్ మగ్గు ముంచి, వంగి నా కాళ్ళ మీద పోసుడు మొదలువెట్టిండు. నేను వద్దనలే.

"సార్" అన్న. "గ్యారంటీ కొలువుమని పోరగాండ్లకు చెప్పింది నేను. సారు గాదు. గా రోజు లిఫ్టుల నేను చెప్పలే."

ఆయన తల ఎత్తలే. నీళ్ళు పోస్తనే ఉన్నడు. మగ్గు ఖాళీ అయింది. మళ్ళ బకీటుల ముంచిండు, ఈసారి నిండ ముంచిండు. నా రెండో కాలు చీలమండ దాక బూడిద అంటుకొని ఉండె. గది పోయేదాక మెల్లగ, సన్నగ, ఒక్కటే ధారగ పోసిండు.